ముందు పై బోల్టు

ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలని రోజుకు పదిమంది అడుగుతారు. క్రౌన్ ఆయిలు, అంటే డిఫరెన్షియల్ ఆయిలు, ఎప్పుడు మార్చాలని అడిగినవాళ్లు ఈ ముప్పై అయిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వాళ్లలో ఒకడు పోయినేడు సంక్రాంతి వెళ్లిన వారానికి నాతవలస జంక్షన్ దగ్గర నా షెడ్డుకొచ్చాడు. విశాఖపట్నం కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. తెచ్చింది స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, ముందు ఇంజను, వెనక చక్రాలకు డ్రైవు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే నా జాక్ దాని కిందకు దూరలేదు. చక్రాల కింద చెక్కపలకలు వేసి, బండిని వాటిమీదకు ఎక్కించాల్సొచ్చింది.

“మేస్త్రీ గారూ, డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చాలండీ? పుస్తకంలో జీవితాంతం మార్చక్కర్లేదని రాశారు. మా ఫ్రెండేమో ఏడాదికోసారి మార్చాలంటున్నాడు.”

“ఈ మాట అడిగావు కదా, ముందు కూర్చో బాబూ. టీ తాగు” అన్నాను. నాకు నిజంగా సంతోషమేసింది.

నేను పని నేర్చుకున్నది సాలూరులో. సాలూరంటే లారీలు. ఆ ఊళ్లో ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీలు కట్టేవాళ్లు, కమాను కట్టలు వేసేవాళ్లు, టైర్లవాళ్లు అందరూ ఒక్క లారీనే నమ్ముకుని బతికారు. ఊరు దాటగానే రోడ్డు కొండెక్కుతుంది. అప్పుడు దాన్ని 43వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడు 26. పి.కోనవలస ఘాట్ ఎక్కి, సుంకి దాటి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ వెళ్తుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. లోడు బండి ఆ ఎక్కుళ్లన్నీ చిన్న గేర్లలో మూలుగుతూ ఎక్కాలి. డ్రైవరు చెవి ఇంజను మీద ఉంటుంది, కన్ను టెంపరేచర్ ముల్లు మీద ఉంటుంది. ఆ బరువునంతా నిజంగా మోసేది మాత్రం వెనక ఇరుసు హౌసింగ్‌లో ఒకదాన్నొకటి కరుచుకుని తిరిగే కొన్ని పళ్లు. అక్కడ ముల్లూ లేదు, లైటూ లేదు.

1989లో, పద్నాలుగో ఏట, ఆ ఊళ్లో ఒక షెడ్డులో చేరాను. డిఫరెన్షియల్ అంటే ఏమిటో మా మేస్త్రీ నాకు ఇనుముతో కాదు, ఎద్దులతో చెప్పాడు. కళ్లంలో బంతి తోలడం చూశావు కదా, నడుమ రాటకు దగ్గరున్న ఎద్దు అడుగులో అడుగేస్తుంది, చివరనున్న ఎద్దు పరుగెత్తాలి. రెంటినీ ఒకే కర్రకు బిగించి ఒకే వేగంతో నడవమంటే ఏదో ఒకటి కాలు ఈడుస్తుంది. బండి మలుపు తిరిగినప్పుడు వెనక చక్రాల పరిస్థితీ అంతే. లోపలి చక్రం నెమ్మది, బయటి చక్రం జోరు. ఆ తేడాను సర్దేవి క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రం లోపల ఉండే స్టార్ పినియన్లనే చిన్న పళ్లచక్రాలు. ఈ ఏర్పాటును 1827లో ఒక ఆవిరి బండి కోసం పేటెంటు చేసింది ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. గడియారం విప్పే చేతులకే ఇది తట్టడం నాకు ఎంతో సబబుగా అనిపించింది. హౌసింగ్ విప్పినప్పుడు మేం చూసుకునే ప్లే కూడా అంత సన్నంగానే ఉంటుంది. కారు క్రౌన్‌కీ దాన్ని తిప్పే పినియన్‌కీ మధ్య రెండు మూడు తలవెంట్రుకల మందం సందు ఉండాలి. ఎక్కువైతే బండి కదిలినప్పుడల్లా టక్కుమంటుంది, తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది.

అంత సన్నని సందులో నిలబడి పనిచేసేది ఆయిలు. ఇంజను ఆయిలుకూ దీనికీ తేడా ఏమిటో తెలిస్తే, ఎప్పుడు మార్చాలన్నది సగం తెలిసినట్టే. 1926లో ప్యాకార్డ్ కార్లతో వచ్చిన పద్ధతి ప్రకారం పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందకు పెడతారు. దానివల్ల షాఫ్టు కిందకు దిగుతుంది, పళ్లు పెద్దవి పెట్టొచ్చు, చప్పుడు తగ్గుతుంది. ఇన్ని లాభాలకు బదులు ఒక ఇబ్బంది ఉంది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లి ఊరుకోవు, గట్టిగా ఒత్తుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. అందుకని ఈ ఆయిలులో గంధకం, భాస్వరం కలిసిన మందులు వేస్తారు. పన్ను వేడెక్కినచోట ఆ మందు ఇనుముతో కలిసి పల్చటి పొర కడుతుంది. పన్నుకు బదులు ఆ పొర అరిగిపోతుంది. మళ్లీ కడుతుంది, మళ్లీ అరుగుతుంది. క్రౌన్ ఆయిలు డబ్బా మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకు కొట్టేది ఆ గంధకం వల్లే. ఇలా పొర కట్టీ అరిగీ మందు ఖర్చవుతూ ఉంటుంది. ఇంజనుకైతే ఫిల్టరుంది, చెత్తను పట్టుకుంటుంది. లారీ అయినా కారైనా నేను విప్పిన హౌసింగులన్నిట్లో అరిగిన ఇనుప పొడి ఆ నూనెలోనే తిరుగుతూ, మళ్లీ ఆ పళ్ల మధ్యకే వెళ్తూ ఉంటుంది. మనం బోల్టు విప్పి వంపితే తప్ప దానికి బయటకు దారి లేదు.

ఆ బోల్టు సంగతి ఇక్కడే చెప్పాలి. హౌసింగ్‌కు రెండు బోల్టులుంటాయి. పైది ఆయిలు పోయడానికి, కిందది వంపడానికి. మా మేస్త్రీ మొదటిరోజే అన్నమాట: “ముందల పై బోల్టు ఇప్పు గుంటా. కింద బోల్టు ఎవుడైనా ఇప్పుతాడు.” విన్నాను, కానీ ఎందుకో తెలియలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు, ఆయన ఊళ్లో లేని రోజున, ఒక లారీకి తొందరపడి కింద బోల్టు ముందు విప్పేశాను. బకెట్ నిండా ఆయిలు వంపేశాక పైబోల్టుకు పానా వేస్తే తుప్పుపట్టి కదల్లేదు. గట్టిగా లాగితే అంచులు నలిగిపోయి గుండ్రంగా అయింది. హౌసింగ్ ఖాళీ, పోసే దారి లేదు. లోడుతో ఉన్న బండి ఆ రాత్రంతా షెడ్డులో పడుంది. తెల్లారి వెల్డింగాయన వచ్చి, ఆ బోల్టు తలమీద నట్టు అతికి, వేడి మీద తిప్పితే వచ్చింది. పోసే దారి తెరిచాకే వంపే దారి తెరవాలి. నా దగ్గర చేరిన ప్రతి కుర్రాడికీ చక్రం విప్పడం కంటే ముందు నేర్పేది ఇదే.

దానికంటే పెద్ద తప్పు 1996లో చేశాను. ఇన్నేళ్లయినా ఆ రాత్రి వాసన నా ముక్కులో ఉంది.

వానాకాలం. నౌపడా ఉప్పు లోడుతో జయపురం వెళ్తున్న లారీ సుంకికి ఇవతల ఆగిపోయిందని కబురొచ్చింది. అంతకు మూడు వారాల ముందు దానికి క్రౌన్ ఆయిలు మార్చింది నేనే. మేస్త్రీ, నేను జీపులో వెళ్లాం. బండి ఇంకా వంద గజాలుండగానే కాలిన గంధకం వాసన తగిలింది. డ్రైవరు రాళ్లు పేర్చి చక్రాలకు అడ్డం పెట్టి, వానలో నిలబడి ఉన్నాడు. “కోనవలస దాటినకాణ్ణించి కూత పెడతంది బావూ. ఎక్కుడు గదా, ఆపితే మల్లీ కదల్దని లాగించీసినాను” అన్నాడు. ఎడమవైపు వెనక డ్రమ్ము నూనెతో తడిసి నల్లగా మెరుస్తోంది. హౌసింగ్ మీద చెయ్యి పెట్టలేకపోయాను.

మేస్త్రీ టార్చి పట్టుకుని కిందకు దూరాడు. హౌసింగ్ నెత్తిన బొడిపెలా ఉండే బ్రీదర్‌ను విప్పి తెచ్చాడు. హౌసింగ్ ఊపిరి తీసుకునేది దాని ద్వారానే. లోపల గాలి వేడెక్కి ఉబ్బితే బయటకు పోవడానికి ఆ ఒక్క రంధ్రమే ఉంది. ఎర్రమట్టి గట్టిపడి అది మూసుకుపోయింది. ఆయన నోట్లో పెట్టి ఊదాడు, గాలి పోలేదు. ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు. నేనూ ఊదాను. పోలేదు. లోపలి ఒత్తిడికి ఆయిలు సీలును తోసుకుని చక్రం వైపు కారిపోయింది. బ్రేకు లైనింగులు నూనెలో నానిపోయాయి. కొత్త ఆయిలు పోశాను, కొలత చూశాను, బోల్టులు బిగించాను, బ్రీదర్ వైపు మాత్రం చూడలేదు. ఆ బండి అప్పుడు ఎక్కుతోంది కాబట్టి ఆగింది. అదే బ్రేకులతో కొండ దిగుతూ ఉండి ఉంటే ఆ డ్రైవరు మాతో మాట్లాడేవాడు కాదు.

మర్నాడు క్రౌన్ బయటకు తీస్తే పినియన్ పళ్ల చివరలు నీలంగా ఉన్నాయి. కొలిమిలో కాల్చి తీసిన కత్తి అంచుకు వచ్చే రంగు. వేలితో రాస్తే పన్ను మీద గీతలు గోరుకు తగిలాయి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే వస్తాయి. తయారీలోనే ఒకదానితో ఒకటి రాపిడిచ్చి జతచేస్తారు కనక ఒకటి పాడైతే రెండూ మార్చాలి. ఆ సెట్టు ఖరీదులో నా వంతు కొంత ఎవరూ అడక్కుండానే నా జీతంలోంచి కట్టాను. అప్పటినుంచి ఏ బండికి క్రౌన్ ఆయిలు మార్చినా ముందు బ్రీదర్ విప్పి, నోటితో ఊది, గాలి అవతలకు పోయిందని తెలిశాకే మిగతా పని మొదలుపెడతాను.

నీటి సంగతి తిత్లీ నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పడిపోయాయి, వంశధార పొంగింది. నాలుగైదు రోజులకు రోడ్లు తెరుచుకున్నాక, మందస వైపు ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాను. పికప్పులు, టాటా ఏస్‌లు, ట్రాక్టర్లు రోజులకొద్దీ నీళ్లలో నిలిచిపోయి ఉన్నాయి. అందరూ ఇంజనే చూపించేవాళ్లు. ఇంజనులో నీళ్లు పోతే స్టార్టవదు, కనక తెలుస్తుంది. హౌసింగ్‌లో పోతే బండి హాయిగా నడుస్తుంది. మొదటి ఏస్‌కు కింద బోల్టు విప్పితే ముందు నీళ్లు కారాయి, ఆ తర్వాత పాలెక్కువైన టీ రంగులో చిక్కటి నురగ. అదే ఆయిలు. వేడెక్కి ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ దారినే నీళ్లు పీల్చుకుంటుంది. వానాకాలంలో గెడ్డలు దాటే బండ్లన్నిటికీ ఇదే ప్రమాదం. ఆ వారంలో తెల్లబడిన ఆయిలు ఎన్ని వంపామో లెక్క లేదు. హౌసింగ్ మునిగేంత నీళ్లలో బండి నిలిచిందా, ఇక కిలోమీటర్లతో పనిలేదు. అదేరోజు వంపి చూడాలి. రెండు రోజులాగితే బేరింగులకు తుప్పు పట్టుకుంటుంది.

ఇప్పుడు కారు దగ్గరకొస్తాను.

ఆ కుర్రాడు టీ తాగుతుండగా అడిగాను: బండి ఎంత తిరిగింది, ఎక్కడ తిరిగింది? 31,000 కిలోమీటర్లు తిరిగిందన్నాడు. కొన్నప్పటినుంచీ క్రౌన్ బోల్టు ఎవరూ ముట్టుకోలేదు. శని ఆదివారాలు అనంతగిరి మీదుగా అరకు ఘాట్. రెండుసార్లు కోయంబత్తూరు తీసుకెళ్లి కరి మోటార్ స్పీడ్‌వే మీద తోలాడు. ఇక నాకు జవాబు దొరికిపోయింది.

పుస్తకంలో ‘జీవితాంతం’ అని రాసినవాళ్లు అబద్ధం రాశారని నేననను. చల్లటి దేశంలో, చదునైన రోడ్డు మీద, నెమ్మదిగా తోలి, కొన్నేళ్లకు అమ్మేసుకునేవాడికి ఆ మాట సరిపోవచ్చు. కానీ చాలా పుస్తకాల్లో వెనక పేజీల్లో ఇంకో పట్టిక ఉంటుంది. బరువులు లాగేవాళ్లకు, కొండలెక్కేవాళ్లకు, రేసు ట్రాకు మీద తోలేవాళ్లకు సగం దూరానికే మార్చమని ఉంటుంది. అది చదివేవాళ్లు తక్కువ. మే నెలలో మన రోడ్డు మీద ఎండే నలభై డిగ్రీలు దాటుతుంది. పైగా ఈ కారు హౌసింగ్‌లో పట్టేది లీటరుకు కాస్త అటూ ఇటూ. లారీకి బకెట్ నిండా ఆయిలుంటుంది, వేడిని పంచుకుంటుంది. చిన్న గిన్నెలో నూనె ఎంత త్వరగా పొగలు కక్కుతుందో వంటింట్లో అందరికీ తెలిసిందే.

ఈ కార్లో ఇంకో విశేషముంది. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది. ఒక చక్రం బురదలో దిగితే అదే గిర్రున తిరుగుతుంది, గట్టినేల మీదున్న చక్రం కదలదు. స్పోర్ట్స్ కారు మలుపులో జోరుగా పోయేటప్పుడు లోపలి చక్రం తేలికై ఇలాగే వృథాగా తిరుగుతుంది. అది జరక్కుండా ఈ కారు క్రౌన్ లోపల క్లచ్ ప్లేట్లు పెట్టారు. రెండు చక్రాల వేగానికీ మరీ తేడా రాకుండా అవి పట్టి ఉంచుతాయి. ఆ ప్లేట్లు తడిసి ఉండేదీ ఇదే ఆయిలులో. వాటి అరుగుదలా ఇందులోకే వస్తుంది. అందుకే ఇది తొందరగా నల్లబడుతుంది. అంతేకాదు, ఆ ప్లేట్లు మెత్తగా జారడానికి వేరే మందు కలిపిన ఆయిలు పోయాలి. అది లేకపోతే నెమ్మదిగా మలుపు తిరిగినప్పుడు వెనకనుంచి కటకటమని కొట్టుకుంటుంది.

“మీ దగ్గరున్న 90 ఆయిలే పోసేయండి, మళ్లీ రావడమెందుకు” అన్నాడు కుర్రాడు. పొయ్యనన్నాను. నా డ్రమ్ముల్లో ఉన్నవి లారీలకూ జీపులకూ పోసేవి. బండి పుస్తకం తెరిచి, 75డబ్ల్యు-90, జీఎల్-5, క్లచ్ ప్లేట్ల మందు కలిసినది అని కాగితం మీద రాసిచ్చాను. ఆయిలు డబ్బా మీద ఈ నంబర్లు చదవడం నాకు చాలా ముఖ్యం. జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ. క్రౌన్‌కు అది ప్రాణం. అదే ఆయిలును పాత గేర్‌బాక్సుల్లో పోస్తే ఇత్తడి రింగులను తినేస్తుంది. ‘రెండూ గేర్ ఆయిలే కదా’ అని ఒకే డ్రమ్ములోంచి రెండిట్లోనూ పోసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం డబ్బాలు తెచ్చాడు. ముందు బండిని విజయనగరం రోడ్డులో పది కిలోమీటర్లు తిప్పి తెమ్మన్నాను. ఆయిలు వేడిగా ఉంటేనే అడుగునున్న పొడితో సహా దిగుతుంది. నాలుగు చక్రాలూ సమానంగా ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాం, వాలుగా ఉంటే కొలత తప్పుతుంది. బ్రీదర్ ఊదాను, గాలి పోయింది. పైబోల్టు విప్పాను, వచ్చింది. అప్పుడు కిందది.

డికాక్షన్ రంగులో దిగింది. కింద బోల్టు మొనకు చిన్న అయస్కాంతం ఉంది. దాని చుట్టూ బూడిదరంగు ముద్ద పట్టుకుంది. కుర్రాడి ముఖం వాడిపోయింది. ఆ ముద్దను చిటికెడు తీసి అతని బొటనవేలికి రాసి, చూపుడు వేలితో నలపమన్నాను. “ఎలా ఉంది?” “కాటుకలా ఉందండి.” అదే కావాల్సింది. కాటుకలా మెత్తగా ఉంటే పళ్లు మామూలుగా అరుగుతున్నాయి. ఇసకలా గరగరలాడితే అనుమానించాలి. గోటికి తగిలే రేకుముక్క దొరికితే ఇక ఆయిలుతో పనికాదు, క్రౌన్ దించాల్సిందే. తర్వాత తెల్లకాగితం మీద నాలుగు చుక్కలు వేసి ఎండలో పెట్టాం. వెండిపొడిలా తళుకు ఉంది కానీ రేకులు లేవు. మాడు వాసన కొంచెం ఉంది. కోయంబత్తూరు వాసన అనుకున్నాను.

కొత్త రాగి వాషరు వేసి కింద బోల్టు బిగించాను. అల్యూమినియం హౌసింగ్ కనక టార్క్ పానాతోనే, పుస్తకంలో ఉన్నంతే. లారీ చెయ్యి దానిమీద వాడితే మరలు ఊడొస్తాయి. చేతిపంపుతో కొత్త ఆయిలు ఎక్కించాం. పైబోల్టు రంధ్రం అంచునుంచి సన్నగా కారడం మొదలయ్యేదాకా పోసి, కారడం ఆగేదాకా ఆగి, మూసేశాం. పక్కనున్న ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె వేస్తున్నట్టు నెమ్మదిగా పదిసార్లు తిప్పమన్నాను. ప్లేట్ల మధ్యకు కొత్త ఆయిలు వెళ్లాలంటే అలా తిప్పాలి. నేను వెనక నడుస్తూ చెవి పెట్టి విన్నాను. కటకట లేదు.

“అయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?” అని మళ్లీ అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. కొత్త బండికైనా, కొత్తగా క్రౌన్ వేసిన బండికైనా మొదటి ఆయిలు తొందరగా మార్చేయాలి. కొత్త పళ్లు ఒకదానికొకటి అలవాటుపడేటప్పుడే ఎక్కువ పొడి రాలుతుంది. అయిదువేల లోపు మార్చేస్తే ఆ పొడి జన్మంతా లోపల తిరగదు. తర్వాత ఊళ్లోనూ హైవే మీదా మామూలుగా తోలితే యాభై వేలకోసారి, అన్ని కిలోమీటర్లు తిరక్కపోయినా నాలుగేళ్లకోసారి. నీలాగా వారం వారం ఘాటెక్కితే పాతికవేలు దాటనివ్వకు. ట్రాకు మీద తోలి వస్తే, ఆ ఏడాది తిరిగింది రెండువేలే అయినా మార్చాల్సిందే. మారుతీ స్విఫ్ట్ లాంటి ముందు చక్రాల డ్రైవు బండ్లకు డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది, వాటి లెక్క గేర్ ఆయిలుతో పాటే. అన్నిటికంటే ముందు చెవి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనకనుంచి సన్నటి కూత వచ్చి, వదిలితే పోతోందంటే తేదీ కోసం చూడకుండా వచ్చెయ్యమన్నాను.

శ్రావణంలో మళ్లీ వచ్చాడు. ఆరువేలు తిరిగానన్నాడు. ఈసారి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని అరకు వెళ్తున్నాడట, ముందు ఒకసారి చూడమన్నాడు. బండిని పలకల మీదకు ఎక్కించి, పైబోల్టు ఒక్కటే విప్పి చిటికెన వేలు లోపల పెట్టాను. మొదటి కణుపు దాకా తడిసింది, కొలత సరిపోయింది. బయటకు తీసి వెలుగులో చూస్తే ఆయిలు ఇంకా తేనె రంగులోనే ఉంది. వేలు గుడ్డపీలికకు తుడుచుకుని, బ్రీదర్ ఒకసారి ఊది, బోల్టు బిగించి పంపించేశాను.